టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా: బోటు ఇంజను ఎంతకాలం మన్నుద్దో మీరే తేల్చుకునే పద్ధతి

"అన్నా, టూ స్ట్రోక్ కొనాలా ఫోర్ స్ట్రోక్ కొనాలా, ఏది ఎక్కువ కాలం మన్నుద్ది?" అని అడగని వాళ్లు లేరు. ఉప్పాడ వైపు ఫైబర్ బోటు వాళ్లు అడుగుతారు, గోదావరి మీద టూరిస్టు బోటు నడిపేవాళ్లు అడుగుతారు, చెరువులో చేపలు పెంచుకునే ఆసామి కూడా అడుగుతాడు. అందరికీ ఒకే జవాబు చెప్తే అది తప్పే అవుద్ది, ఎందుకంటే ఈ రెండూ చచ్చే పద్ధతులు వేరు. ఫోర్ స్ట్రోక్ మామూలుగా ఎక్కువ గంటలు తిరుగుద్ది, కానీ ఆయిల్ మార్చకపోతే, నీళ్లలో మునిగితే అస్సలు ఊరుకోదు. టూ స్ట్రోక్ తొందరగా అరుగుద్ది, కానీ ఒడ్డున కూర్చుని విప్పి మళ్లీ లేపుకోవచ్చు. మీ బోటు ఇంజనుకి ఏ రకం కష్టం ఎక్కువ వస్తదో చూస్కుని తేల్చుకోవాలి. అది ఎలా చూస్కోవాలో కింద వరసగా రాశా.

ఇది బోటు వెనక పలకకి తగిలించే అవుట్‌బోర్డు ఇంజన్ల గురించి మాత్రమే, దాదాపు 8 నుంచి 40 గుర్రాల (హార్స్ పవర్) దాకా ఉన్నవి. పొడుగు షాఫ్టు డీజిల్ ఇంజన్ల లెక్క వేరే, వాటికి ఇది పనికిరాదు.

కావాల్సినవి

- ప్లగ్గు పానా, స్క్రూడ్రైవర్లు, గేర్ ఆయిల్ బోల్టు పట్టే పెద్ద మైనస్ స్క్రూడ్రైవర్
- కంప్రెషన్ గేజి, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలిచేది (బైకు మెకానిక్కు దగ్గర ఉన్నదే సరిపోద్ది, ప్లగ్గు థ్రెడ్డు కొలతకి తగ్గ అడాప్టర్ ఉందో లేదో ముందే చూస్కోండి)
- పారదర్శకంగా ఉండే గాజు సీసాలు రెండు, కొలత గీతలు ఉన్న డబ్బా ఒకటి
- ఇంజను అడుగు భాగం మునిగేలా మంచినీళ్లు పట్టే 200 లీటర్ల డ్రమ్ము, లేదా నీళ్లు పీల్చే కన్నాలకి నీళ్ల పైపు తగిలించే రబ్బరు చెవులు
- చిన్న ఆర్పీఎం మీటరు (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది), ప్లగ్గు వైరుకి చుట్టేది
- ఒక నోటుబుక్కు. నవ్వకండి, ఈ లిస్టులో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే

థియరీ రెండే ముక్కలు

టూ స్ట్రోక్‌లో విడిగా ఇంజన్ ఆయిల్ ఉండదు, పెట్రోల్లో కలిపిన ఆయిలే లోపలికి పోయి బేరింగుల్ని, పిస్టన్‌ని తడిపి కాలిపోద్ది. షాఫ్టు తిరిగిన ప్రతిసారీ ఒకసారి మండుద్ది. కదిలే భాగాలు తక్కువ, వాల్వులు, క్యామ్ షాఫ్టు అనేవి లేవు. ఫోర్ స్ట్రోక్‌లో కిందన ఆయిల్ ఉంటది, పంపు తిప్పుద్ది, వాల్వులు ఉంటాయి, వాటిని ఆడించడానికి బెల్టో చైనో ఉంటది, రెండు తిరుగుళ్లకి ఒకసారి మండుద్ది. బరువు కూడా ఎక్కువే, 15 గుర్రాల టూ స్ట్రోక్ దాదాపు 36 కిలోలు ఉంటే అదే గుర్రాల ఫోర్ స్ట్రోక్ 50 కిలోల దగ్గర ఉంటది.

ఇంకో మాట, "అమెరికాలో టూ స్ట్రోకులు ఆపేశారంట, మన్నవనే కదా" అంటారు కొందరు. కాదు. అక్కడ 1996లో తెచ్చిన పొగ నిబంధనలు 2006 కల్లా పూర్తిగా బిగిశాయి, కార్బరేటర్ టూ స్ట్రోకులు ఆ లెక్కకి తట్టుకోలేక తప్పుకున్నాయి. కారణం పొగ, మన్నిక కాదు. హోండా వాళ్లయితే 1964లో బోటు ఇంజన్లు మొదలెట్టిన దగ్గర్నుంచీ ఫోర్ స్ట్రోకే చేస్తున్నారు.

1. ఏళ్లు వదిలేయండి, గంటలు రాయండి

"మా బావగారి ఇంజను పదేళ్లు నడిచింది" అంటే దాంట్లో సమాచారం ఏమీ లేదు. బావగారు ఆదివారం మాత్రమే వెళ్తే పదేళ్లకి తిరిగేది మీరు ఒక సీజన్‌లో తిప్పేస్తారు. రోజుకి 5 గంటల చొప్పున ఏడాదికి 200 రోజులు వేటకి వెళ్లే బోటు అనుకోండి, 1000 గంటలు. అదే వారానికి రెండు గంటలు తిరిగే బోటుకి ఏడాదికి వంద గంటలే.

ఇప్పుడు కంపెనీ పుస్తకం తీసి సర్వీసు పేజీ చూడండి. "ప్రతి 100 గంటలకి లేదా ఏడాదికి ఒకసారి" అని ఉంటది చాలా చోట్ల. మనవాళ్లు ఏడాదికి ఒకసారి అన్నది పట్టుకుంటారు. పైన చెప్పిన వేట బోటుకి వంద గంటలు అంటే 20 రోజులు! అంటే ఏడాదికి పదిసార్లు మార్చాల్సిన ఆయిల్ ఒక్కసారి మారుస్తున్నాం, తర్వాత "ఫోర్ స్ట్రోక్ మన సముద్రానికి పనికిరాదు" అంటున్నాం. ఫోర్ స్ట్రోక్ పేరు పాడవ్వడానికి సగం కారణం ఇదే అని నా అభిప్రాయం.

చెయ్యాల్సింది: బయల్దేరిన టైము, వచ్చిన టైము నోటుబుక్కులో రాయండి. నెలాఖరికి కూడండి. ఏ ఇంజను కొనాలన్నా ముందు ఈ అంకె మీ చేతిలో ఉండాలి.

2. మీ నీళ్లు, మీ ఒడ్డు ఎలాంటివో చూస్కోండి

ఇక్కడ మూడు ప్రశ్నలు వేస్కోండి.

అలలు దాటాలా? హార్బరు లేని చోట ఒడ్డు నుంచి నేరుగా అల మీదకి వెళ్లే బోట్లు తిరగబడటం కొత్తేం కాదు. ఇంజను ఉప్పునీళ్లలో మునిగే అవకాశం ఏడాదికి ఒకసారైనా ఉందంటే టూ స్ట్రోక్ వైపు మొగ్గు పెట్టుకోండి. పైగా రోజూ ఇంజను విప్పి భుజాన ఇంటికి మోసుకెళ్లే అలవాటు ఉంటే ఆ పదిహేను కిలోల తేడా నడుముకి తెలుస్తది.

ఉప్పునీరా, మంచినీరా? నాగార్జునసాగర్లో, భవానీ ద్వీపం దగ్గర తిరిగే ఇంజనుకి ఉప్పు బాధ లేదు, అక్కడ ఫోర్ స్ట్రోక్ హాయిగా ఏళ్ల తరబడి పోద్ది. పాసింజర్లకి మోత, పొగ తక్కువ కూడా. వేరే ఆలోచన అక్కర్లేదు.

బురదనీరా? వరద రోజుల్లో గోదావరిలో, ఏటి మొగల దగ్గర ఒండ్రు నీరు ఇంపెల్లర్ని (ఇంజన్ని చల్లబరిచే నీళ్లు తోడే పంపులోని రబ్బరు చక్రం) తినేస్తది. ఇది టూ అయినా ఫోర్ అయినా ఒకటే. ఒండ్రులో తిరిగేవాళ్లు ఇంపెల్లర్ని పుస్తకంలో చెప్పిన దానికన్నా ముందే మార్చుకోవాలి, ఒకటి ఎప్పుడూ బోటులో స్పేర్ ఉంచుకోవాలి.

3. బయట నుంచి చూడండి, స్టార్ట్ చెయ్యకముందే

ఇది సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి మరీ ముఖ్యం. పై మూత తీసి నెమ్మదిగా చూడండి, అమ్మేవాడు "లోపలేం చూస్తావు బాబాయ్, స్టార్ట్ చేసి చూపిస్తా" అంటే ఇంకాస్త నెమ్మదిగా చూడండి.

- సిలిండర్ హెడ్ మీద రంగు ఉబ్బి పొక్కులు పొక్కులుగా ఉందా, మాడిన గోధుమ రంగు ఉందా: ఎప్పుడో బాగా వేడెక్కింది. హెడ్ ఒక్కటీ కొత్త రంగుతో మెరుస్తుంటే ఇంకా అనుమానించాలి.
- థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాకే చల్లనీళ్ల దారి తెరిచే వాల్వు) మూత చుట్టూ, హెడ్ అంచున తెల్లగా ఉప్పు పేరుకుందా: నీళ్లు ఊరుతున్నాయి.
- బోల్టుల తలలు గుండ్రంగా అరిగిపోయాయా: ఎవరో విప్పారు. విప్పడం తప్పు కాదు, ఎందుకు విప్పారో అడగండి.
- జింకు ముక్కలు చూడండి. ఇంజను లోహాన్ని కాపాడటానికి అవి ముందు అరిగిపోవాలి. సగం అరిగితే మార్చేయాలి. అసలు అరగకుండా కొత్తగా ఉంటే రెండే కారణాలు, నిన్న మార్చారు, లేదా వాటి మీద రంగు పూసేశారు. రంగు పూస్తే అవి పనిచెయ్యవు, మనవాళ్లు ఇంజనుకి రంగేసేటప్పుడు అందంగా దాని మీద కూడా పూసేస్తారు.
- క్లాంపు దగ్గర ఉండే ప్లేటు మీద సీరియల్ నంబరు బిల్లులో ఉన్నదానితో కలిసిందా. ప్లేటే లేకపోతే ఆ బేరం వదిలేయండి.

4. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చెయ్యండి

మీరు వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి, టీ తాగండి. అరిగిన ఇంజను వేడి మీద బాగానే అందుకుంటది, చల్లగా ఉన్నప్పుడే దాని సంగతి బయటపడుద్ది.

డ్రమ్ములో నీళ్లు పోసి ఇంజను దింపండి, వాటర్ పంపు కన్నాలకి పైదాకా నీళ్లు ఉండాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్లు లేకుండా "ఒక్క నిమిషమే కదా" అని స్టార్ట్ చెయ్యొద్దు, రబ్బరు ఇంపెల్లర్ కొద్ది సెకన్లలోనే మాడిపోవడం మొదలవుద్ది. ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

పక్కనుంచి సన్నగా నీళ్లు పిచికారీ కొడతాయి కదా, అది ఆగకుండా గట్టిగా రావాలి. చేయి పెడితే గోరువెచ్చగా ఉండాలి, కాలకూడదు. రాకపోతే కంగారుపడి పంపు విప్పెయ్యకండి, ముందు ఇంజను ఆపి ఆ చిన్న కన్నంలోకి నైలాన్ తీగ దూర్చి చూడండి. ఒడ్డున పెట్టిన ఇంజన్లలో కందిరీగ అక్కడ మట్టిగూడు పెడతది, లేదా ఉప్పు గడ్డ కడతది.

టూ స్ట్రోక్ స్టార్టింగ్‌లో నీలంగా పొగ వస్తే మామూలే. ఫోర్ స్ట్రోక్ వేడెక్కాక కూడా నీలం పొగ వదులుతుంటే పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అయిపోయాయి. తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే లోపలికి నీళ్లు పోతున్నాయా అని చూస్కోవాలి.

5. కంప్రెషన్ కొలవండి

అన్నిటికన్నా నిజం చెప్పే పరీక్ష ఇదే, కానీ ఎక్కువమంది తప్పుగా చేసేది కూడా ఇదే.

అ) ఇంజను కొంచెం వేడి చేసి ఆపండి. పెట్రోల్ గొట్టం తీసేయండి. కిల్ స్విచ్ (ఇంజను ఆపే స్విచ్) క్లిప్పు లాగేయండి.
ఆ) అన్ని ప్లగ్గులూ తీయండి, ఒక్కటే కాదు. ప్లగ్గు వైర్లని ఇంజను బాడీకి ఆనించి కట్టండి. గాల్లో వదిలేసి తిప్పితే ఇగ్నిషన్ యూనిట్ కాలిపోవచ్చు, పైగా పెట్రోల్ ఆవిరికి నిప్పు అంటుకునే ప్రమాదం.
ఇ) గేరు న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తెరవండి. న్యూట్రల్‌లో పూర్తిగా తిరగని మోడలైతే కార్బరేటర్ రెక్కని చేత్తో తెరిచి పట్టుకోమని పక్కవాడికి చెప్పండి.
ఈ) గేజి బిగించి తాడు ఐదారుసార్లు ఒకే ఊపుతో లాగండి. ముల్లు ఇంక పెరగని చోట ఆగుద్ది, ఆ అంకె రాయండి. ప్రతి సిలిండర్‌కీ అన్నేసి సార్లే లాగాలి.

ఎంత రావాలి? టూ స్ట్రోక్‌కి మామూలుగా 90 నుంచి 130 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మధ్యలో ఉంటది, మోడల్ని బట్టి మారుద్ది. అంకె కన్నా ముఖ్యం సిలిండర్ల మధ్య తేడా. రెండూ 115, 112 అంటే మంచి ఇంజను. ఒకటి 120, రెండోది 92 అంటే అది ఎంత తియ్యగా స్టార్ట్ అయినా వద్దు. తేడా పది శాతం దాటితే లోపల విప్పి చూడాల్సిందే.

ఫోర్ స్ట్రోక్ దగ్గర జాగ్రత్త. మామూలుగా టూ స్ట్రోక్ కన్నా ఎక్కువ రావాలి గానీ, చాలా చిన్న ఫోర్ స్ట్రోకుల్లో తాడు తేలిగ్గా లాగడానికి డీకంప్రెషన్ ఏర్పాటు ఉంటది, తాడుతో లాగినప్పుడు అది వాల్వుని కాస్త తెరిచి పెడతది. అందుకే గేజి 60, 70 చూపించి మిమ్మల్ని భయపెట్టుద్ది. మంచి ఇంజన్ని "పోయింది" అని వదిలేసుకున్నవాళ్లు ఉన్నారు, ఇలా చూసి. కంపెనీ సర్వీసు అంకెతోనే పోల్చండి, అది దొరక్కపోతే సిలిండర్ల మధ్య తేడా ఒక్కటే చూడండి.

ఫోర్ స్ట్రోక్‌లో ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే ప్లగ్గు కన్నంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ గ్యాస్కెట్ గానీ.

ప్లగ్గులు ఎలాగూ తీశారు కాబట్టి వాటిని ఎండలో తిప్పి చూడండి. టూ స్ట్రోక్ ప్లగ్గు పింగాణీ మీద ఇసక రేణువుల్లా వెండి నలుసులు మెరుస్తుంటే అవి పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం. ఆ ఇంజను ఒకసారి ఆయిల్ చాలక పట్టేసింది, లేదా పట్టెయ్యబోతోంది.

6. గేర్ ఆయిల్ సీసాలో పట్టండి

ఇంజను రకం ఏదైనా కింద గేర్లు ఒకేలాంటివే, ఉప్పునీళ్లలో మునిగి ఉండేది కూడా అవే. రాత్రంతా ఇంజను నిలువుగా వదిలేయండి, నీళ్లుంటే అడుక్కి దిగుతాయి. పొద్దున్నే కింది స్క్రూ కొంచెం వదులు చేసి మొదట వచ్చిన చుక్కల్ని గాజు సీసాలో పట్టండి. ముందు నీళ్లు జారితేనో, ఆయిల్ పాల టీ రంగులో చిక్కగా వస్తేనో సీళ్లు పోయాయి. ప్రొపెల్లర్ షాఫ్టు సీలు పోవడానికి సగంసార్లు కారణం దానికి చుట్టుకున్న వల నైలాన్ తాడే. ప్రొపెల్లర్ విప్పి వెనక చూడండి, దారం కరిగి ఉంగరంలా బిగుసుకుని ఉంటది.

మళ్లీ నింపేటప్పుడు పై స్క్రూ కూడా తీసి, కింది కన్నం నుంచి పంపుతో ఎక్కించాలి, పైకన్నంలోంచి బయటకి పొంగేదాకా. పై నుంచి పోస్తే లోపల గాలి ఇరుక్కుని సగమే నిండుద్ది. స్క్రూల కింద చిన్న వాషర్లు ప్రతిసారీ కొత్తవి వెయ్యండి, ఆ వాషర్ దగ్గర కక్కుర్తి పడితే గేరుబాక్సు పోద్ది.

7. టూ స్ట్రోక్ అయితే: ఆయిల్ కలిపే చెయ్యి చూడండి

టూ స్ట్రోక్ మన్నిక అంతా ఆ కలిపేవాడి చేతిలోనే ఉంటది. ఎక్కువ మోడళ్లకి 50కి 1 పాళ్లు: 5 లీటర్ల పెట్రోల్‌కి 100 మిల్లీ, 20 లీటర్లకి 400 మిల్లీ. కొత్త ఇంజనుకి మొదటి పది గంటలు చాలా కంపెనీలు 25కి 1 చెప్తాయి, అంటే రెట్టింపు. మీ పుస్తకంలో ఉన్నదే ఫైనల్.

తప్పులు ఇక్కడే జరుగుతాయి:

- స్కూటర్ 2టీ ఆయిల్ పొయ్యడం. అది గాలితో చల్లబడే ఇంజన్లకి చేసింది. బోటు ఇంజనుకి డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉండాలి. స్కూటర్ ఆయిల్లో ఉండే కొన్ని మందులు బూడిదగా మిగిలి ప్లగ్గు మీద, పిస్టన్ మీద పేరుకుంటాయి.
- "కొంచెం ఎక్కువ పోస్తే ఇంకా మంచిది" అనుకోవడం. కాదండీ. మసి కట్టి రింగులు గాడిలో ఇరుక్కుంటాయి, ఆయిల్ పెరిగిన మేర పెట్రోల్ తగ్గి ఇంజను ఎక్కువ వేడెక్కుద్ది కూడా.
- ట్యాంకు నిండా పెట్రోల్ పోసి మీద ఆయిల్ పొయ్యడం. సగం పెట్రోల్, మొత్తం ఆయిల్, బాగా కుదపడం, తర్వాత మిగతా పెట్రోల్. ఇదీ వరస.
- చీకట్లో అంచనాగా పొయ్యడం. కొలత డబ్బా ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమై ఉంటది.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. బోటు ఇంజను కంపెనీలు మామూలుగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ తేమని లాక్కుంటది, సముద్రం గాలిలో ట్యాంకు మూత సరిగా లేకపోతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగున విడిగా చేరతాయి. ఆ అడుగు పొరలో ఆయిల్ ఉండదు, టూ స్ట్రోక్ దాన్ని పీలిస్తే పిస్టన్ పొడిగా ఆడుద్ది. అందుకని వారం పది రోజులకి సరిపడానే పెట్రోల్ కొనండి, నీళ్లని వేరుచేసే ఫిల్టర్ ఒకటి లైన్లో పెట్టించండి. గాజు సీసాలో ట్యాంకు అడుగు పెట్రోల్ కొంచెం పట్టి చూస్తే గీత గీసినట్టు రెండు పొరలు కనపడతాయి, కనపడితే ఆ పెట్రోల్ వాడొద్దు. ఇది ఫోర్ స్ట్రోకులకీ వర్తిస్తది, కానీ వాటికి కింద ఆయిల్ ఉంది కాబట్టి ఆగిపోవడంతో సరిపెట్టుకుంటాయి.

కేరళ వైపు కిరోసిన్‌తో నడిచే టూ స్ట్రోకులు ఎక్కువ, ఇక్కడ కూడా అవి సెకండ్ హ్యాండ్ దొరకొచ్చు. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్‌కి మార్చి, ఆపేముందు మళ్లీ పెట్రోల్‌కి రావాలి. కిరోసిన్ తాగిన ఇంజను లోపల మసి ఎక్కువ కడతది, కాబట్టి ధర దానికి తగ్గట్టు అడగండి.

8. ఫోర్ స్ట్రోక్ అయితే: డిప్ స్టిక్ వాసన చూడండి

ఇంజన్ని నిలువుగా నిలబెట్టి, ఆపిన తర్వాత కాసేపు ఆగి స్టిక్ తీయండి. వంచి చూస్తే లెవెల్ తప్పు చూపిస్తది.

లెవెల్ తక్కువుంటే ఆయిల్ తాగుతోంది. ఎక్కువుంటే ఇంకా ఆలోచించాలి. ఎవరూ పొయ్యకుండా ఆయిల్ పెరిగింది అంటే పెట్రోల్ కిందకి దిగుతోంది. వల వేస్తూ గంటల తరబడి నిదానంగా తిప్పే బోట్లలో ఇది జరుగుద్ది, ఇంజను పూర్తిగా వేడెక్కక కాలని పెట్రోల్ రింగుల పక్కనుంచి ఆయిల్లో కలుస్తది. స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ కంపు కొడతది, వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా పల్చగా ఉంటది. ఆ ఆయిల్ బేరింగుల్ని కాపాడదు. వెంటనే మార్చి, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందేమో చూపించండి, నిదానంగా తిప్పినప్పుడు మధ్యమధ్యలో కొంచెం వేగంగా పోనివ్వండి. ఆయిల్ తెల్లగా పాలలా ఉంటే నీళ్లు చేరాయి, స్టార్ట్ చెయ్యకుండా మెకానిక్కుకి చూపించండి.

కొత్త ఇంజనుకి మొదటి ఆయిల్ మార్పు దాదాపు 20 గంటలకే. తర్వాత వంద గంటలకి. కారు ఆయిల్ బదులు ఎఫ్‌సీ-డబ్ల్యూ అని ఉన్న బోటు ఆయిల్ వెయ్యండి, దాంట్లో తుప్పుని ఆపే గుణం ఎక్కువ. టైమింగ్ బెల్టు ఉన్న మోడలైతే అది ఎప్పుడు మార్చారో అడగండి, వాల్వు గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నని ఖాళీ) ఎప్పుడు సరిచేశారో అడగండి. "వాల్వు గ్యాపా, అదేంటి?" అని ఎదురు ప్రశ్న వస్తే మీకు జవాబు దొరికినట్టే.

9. నీళ్ల మీదకెళ్లి ఆర్పీఎం చూడండి

మామూలుగా మీరు మోసేంత బరువుతో, మనుషులూ ఐసూ వలా అన్నీ పెట్టుకుని పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి మీటరు చూడండి. పుస్తకంలో ఒక పరిధి ఉంటది, టూ స్ట్రోకులకి దాదాపు 4500 నుంచి 5500, ఫోర్ స్ట్రోకులకి 5000 నుంచి 6000. మీది ఆ పరిధి కిందే ఆగిపోతే ప్రొపెల్లర్ బరువైంది, ఇంజను రోజూ గసపడుతూ పనిచేస్తోంది. ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి అది ముందుకి పోయే లెక్క దూరం) ఒక అంగుళం తగ్గిస్తే దాదాపు 200 ఆర్పీఎం పెరుగుద్ది. ఈ ఒక్క మార్పు చెయ్యకుండా "ఇంజను తొందరగా పోయింది" అంటే ఏ కంపెనీ ఇంజనైనా అంతే.

10. పెట్రోల్ లెక్క కూడా మన్నిక లెక్కే

ట్యాంకు నింపి, మీ మామూలు వేటకెళ్లొచ్చి, మళ్లీ అంతే నింపండి. పోసిన లీటర్లని తిరిగిన గంటలతో భాగించండి. టూ స్ట్రోకు, ఫోర్ స్ట్రోకు ఉన్న ఇద్దరు పక్కపక్క బోటు వాళ్లు కలిసి చేస్తే ఇంకా మంచిది.

కార్బరేటర్ టూ స్ట్రోక్ కన్నా ఫోర్ స్ట్రోక్ సుమారు మూడో వంతు తక్కువ తాగుద్ది. ఉదాహరణకి గంటకి 8 లీటర్లు, ఐదున్నర లీటర్లు అనుకుందాం. తేడా రెండున్నర లీటర్లు. వెయ్యి గంటలకి 2500 లీటర్లు, పైగా టూ స్ట్రోక్‌లో కలిపే ఆయిల్ 160 లీటర్లు! వాటిని మీ ఊరి రేటుతో గుణించండి, ఫోర్ స్ట్రోక్ సర్వీసు ఖర్చు అందులోంచి తీసెయ్యండి. ఏడాదికి వెయ్యి గంటలు తిప్పేవాడికి ఆ డబ్బుతో ఇంజను తొందరగా మార్చుకునే స్థోమత వస్తది. ఏడాదికి వంద గంటలు తిప్పేవాడికి ఆ తేడా ఫోర్ స్ట్రోక్ ఎక్కువ ధరకి ఏళ్ల తరబడి సరిపోదు.

11. ఇంజను మునిగితే

తిరుగుతూ ఉండగా మునిగితే తాడు లాగొద్దు. సిలిండర్లో నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుద్ది.

ఒడ్డుకి తెచ్చి మంచినీళ్లతో మొత్తం కడగండి. ప్లగ్గులు తీసి, ప్లగ్గు కన్నాలు కిందకి ఉండేలా పడుకోబెట్టి మెల్లగా చేత్తో తిప్పండి, నీళ్లు కారిపోవాలి. ఎక్కడైనా పట్టేసినట్టు ఉంటే బలవంతం చెయ్యొద్దు. కార్బరేటర్ ఖాళీ చెయ్యండి. టూ స్ట్రోక్ అయితే సిలిండర్లలోకి ఆయిల్ పోసి తిప్పి, కొత్త ప్లగ్గులు వేసి, కొత్త మిశ్రమంతో స్టార్ట్ చేసి కనీసం అరగంట తిప్పండి. ఫోర్ స్ట్రోక్ అయితే ఇంజన్ ఆయిల్ తీసేసి కొత్తది పోసి కాసేపు తిప్పి మళ్లీ తీసెయ్యాలి, తెల్లదనం పోయేదాకా అలా మార్చుతూనే ఉండాలి. కంప్యూటర్ ఉన్న ఇంజెక్షన్ మోడళ్లలో కరెంటు భాగాలు ఉప్పునీళ్లకి పోతే అది వేరే ఖర్చు.

ఇదంతా కొద్ది గంటల్లోనే అవ్వాలి. మెకానిక్కు రేపు వస్తానన్నాడా, అయితే ఇంజన్ని ఎండబెట్టకండి, మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచండి. వింతగా ఉంటది గానీ, లోపల తుప్పు పట్టించేది గాలి తగిలిన ఉప్పు తడి.

12. రోజూ కడగడం, నిషేధం రోజుల్లో పడుకోబెట్టడం

వేట నుంచి రాగానే డ్రమ్ములో పదిహేను నిమిషాలు మంచినీళ్లు తిప్పండి. థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కితేనే లోపలి దారులన్నీ కడుగుతాయి, రెండు నిమిషాల కడుగుడు పనికిరాదు. తర్వాత నిలువుగా పెట్టి నీళ్లు కారనివ్వండి. మోసేటప్పుడు ఇంజను తల ఎప్పుడూ ప్రొపెల్లర్ కన్నా ఎత్తులో ఉండాలి. ఫోర్ స్ట్రోక్‌ని ఏ పక్కకి పడుకోబెట్టాలో బాడీ మీద బొమ్మ ఉంటది, తప్పు పక్కకి పెడితే ఆయిల్ సిలిండర్లలోకి చేరుద్ది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, 61 రోజులు. చాలా ఇంజన్లు ఈ రెండు నెలల్లోనే పాడైపోతాయి, తిరగడం వల్ల కాదు. ఆపేముందు పెట్రోల్ గొట్టం తీసి కార్బరేటర్లో ఉన్నది అయిపోయేదాకా తిప్పండి, గిన్నె అడుగు స్క్రూ తీసి మిగిలింది కూడా కార్చేయండి. ప్లగ్గు కన్నాల్లో కొంచెం ఆయిల్ వేసి రెండుసార్లు తాడు లాగండి. గేర్ ఆయిల్, ఫోర్ స్ట్రోక్ అయితే ఇంజన్ ఆయిల్ కూడా ఇప్పుడే మార్చండి, జూన్‌లో కాదు, పాత ఆయిల్లో ఉన్న తడి, ఆమ్లం రెండు నెలలు లోపలే కూర్చుంటాయి. గ్రీజు నిప్పుల్స్ అన్నిటికీ నీళ్లకి తట్టుకునే గ్రీజు కొట్టండి, కొత్త గ్రీజు అవతల నుంచి బయటకొచ్చేదాకా. ట్యాంకులో మిగిలిన పెట్రోల్ బైకులో పోసేస్కోండి, ఆయిల్ కలిపినదైతే బైకులో వద్దు, తక్కువే ఉంచుకునేలా ముందే ప్లాన్ చేస్కోండి.

జూన్‌లో తీశాక మళ్లీ కంప్రెషన్ కొలిచి పాత అంకె పక్కన రాయండి. ఇలా రెండు మూడు సీజన్లు రాస్తే మీ ఇంజను ఎంత వేగంగా దిగుతోందో మీకే కనపడుద్ది.

ఇంతకీ ఏది కొనాలి అంటే

ఏడాదికి ఐదారు వందల గంటలు దాటి, హార్బర్లోనో ఏటిలోనో కట్టేసుకునే బోటు, ఆయిల్ టైముకి మార్చే మనిషి ఉన్నాడు: ఫోర్ స్ట్రోక్. అల దాటే ఒడ్డు, తిరగబడే భయం, రోజూ మోసే బరువు, దగ్గర్లో టూ స్ట్రోక్ మిస్త్రీ మాత్రమే: టూ స్ట్రోక్. మంచినీళ్ల టూరిస్టు బోటు: ఫోర్ స్ట్రోక్, చర్చ లేదు. గంటలు తక్కువ, డబ్బు తక్కువ, చేతిలో పానా పట్టుకోవడం వచ్చు అంటే కంప్రెషన్ సమానంగా ఉన్న సెకండ్ హ్యాండ్ టూ స్ట్రోక్.

రెండిటి మధ్య ఎటూ తేలకపోతే మీ ఒడ్డున ఎక్కువమంది దగ్గర ఏ మోడల్ ఉందో అదే తీస్కోండి. నడిసీజన్లో ఇంపెల్లర్ పోతే పక్క బోటు వాడి స్పేర్ మీకు సరిపోద్ది, లేకపోతే చెన్నై నుంచి పార్సిల్ వచ్చేదాకా బోటు ఒడ్డునే.